"పాప్ అవ్వట్లేదు" అంటే ఏం మార్చాలి?

మీ ప్రశ్న చదివాను. కొత్తగా చూసేవాళ్ళ కోసం రెండు ముక్కల్లో: హైదరాబాద్‌లో స్కూలు ఫీజుల యాప్ చేసే చిన్న కంపెనీ, అందులో మీరొక్కరే డిజైనర్, రెండేళ్ల అనుభవం. హోమ్ స్క్రీన్ మూడు వారాల్లో 11 సార్లు మారింది. సేల్స్ హెడ్ "పాప్ అవ్వట్లేదు" అంటారు, అంటే చూడగానే కంటికి కొట్టినట్టు లేదని. హెచ్‌ఆర్ మేడమ్‌కి ఆకుపచ్చ నచ్చలేదు. అకౌంట్స్ ఆయనకి బాకీ మొత్తం ఎర్రగా, పెద్దగా కనపడాలి. ఎండీ గారు రాత్రి పదిన్నరకి స్క్రీన్‌షాట్ మీద సున్నా చుట్టి వాట్సాప్‌లో పంపుతారు. "వీళ్ళకి డిజైన్ తెలియదని మర్యాదగా ఎలా చెప్పాలి?" అని అడిగారు.

చెప్పకండి. ఎంత మర్యాదగా అన్నా అది ఒకటే మాట. నేనొకసారి మీటింగులో అన్నాను, నవ్వుతూనే అన్నాను. ఆ తర్వాత ఆరు నెలలు నన్ను ఏ మీటింగుకీ పిలవలేదు. డిజైన్ మాత్రం వాళ్ళు చెప్పినట్టే మారుతూ వచ్చింది, కాకపోతే ఆ మార్పులు నాకు డెవలపర్ల ద్వారా తెలిసేవి.

నేను ఈ పనిలో పదిహేడేళ్లకి పైగా ఉన్నాను. మొదటి నాలుగేళ్లు బెజవాడలో ఫ్లెక్సీలు, శుభలేఖలు వేసే షాపులో, తర్వాతంతా హైదరాబాద్‌లో యాప్‌ల మీద. వేరే డిపార్ట్‌మెంట్ వాళ్ళు "నచ్చలేదు" అన్నప్పుడు దాని వెనక ఏదో ఒకటి జరిగి ఉంటుందని నాకు నమ్మకం కలగడానికి చాలాకాలం పట్టింది. అది ఎలా కలిగిందో చెప్తాను, మీకు పనికొచ్చేది అందులోనే ఉంది.

అప్పట్లో మందుల డిస్ట్రిబ్యూటర్లకి ఆర్డర్లు తీసుకునే యాప్ చేస్తున్నాం. సేల్స్‌మేన్ షాపు షాపుకీ తిరిగి, ఏ మందు ఎన్ని స్ట్రిప్పులు కావాలో ఫోన్లో కొట్టుకుంటాడు. నేను ముచ్చటపడి చేసిన స్క్రీన్ అది. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్, సన్నటి అక్షరాలు, ముఖ్యం కాదనుకున్నవన్నీ లేత బూడిద రంగులో. సేల్స్ హెడ్ చూసి "డల్‌గా ఉందయ్యా, కొంచెం బ్రైట్‌గా చెయ్యి" అన్నారు. పైన పట్టీని నీలం నుంచి నారింజకి మార్చాను. "ఇంకా డల్‌గానే ఉంది." బటన్లకి గ్రేడియెంట్ (ఒక రంగులోంచి ఇంకో రంగులోకి జారే పూత) వేశాను. "ఊహూ." మూడోసారి ఐకాన్లన్నీ తలో రంగూ చేశాను. స్క్రీన్ పీచుమిఠాయి బండిలా తయారైంది. ఆయన మళ్ళీ అదే మాట. నాకు ఒళ్ళు మండింది. ఈయనకి ఏం కావాలో ఈయనకే తెలియదని పక్క సీటు అతనితో అన్నాను కూడా.

ఆయనా విసిగిపోయి, "నువ్వొకసారి మావాడితో బీటుకి వెళ్ళిరా" అన్నారు. గుంటూరు కొత్తపేట, మే నెల, పదకొండున్నర. ఆ వీధుల నిండా ఆసుపత్రులు, వాటిని ఆనుకుని మందుల షాపులు. కుర్రాడు బండి స్టాండేసి షాపు మెట్ల మీద నిలబడి ఫోన్ తీశాడు. బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి ఉంది, సాయంత్రం దాకా చార్జింగ్ రావాలి కదా. స్క్రీన్ గార్డు ఒక మూల పగిలి ఉంది. ఎడమ చేతిని ఫోన్ మీద గొడుగులా పట్టి, ముఖం దగ్గరికి తెచ్చుకుని, కౌంటర్ అవతలి ఆయనతో "ఉందండీ... ఒక్క నిమిషం... అయ్యో, లేదండీ, స్టాక్ లేదు" అన్నాడు. ఆ 'స్టాక్ లేదు' అన్న ముక్కని నేను లేత బూడిదలో రాశాను. షాపాయన ముఖం చిట్లించారు. అలా నా కళ్ళ ముందే మూడు షాపుల్లో జరిగింది.

ఆ బూడిద రంగు నంబరు 999999. తెలుపు మీద దాని కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా, 2.85కి 1. మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు పెట్టే డబ్ల్యూ3సీ సంస్థ వాళ్ళ డబ్ల్యూసీఏజీ నియమాల్లో (అందరూ వాడగలిగేలా ఉండటానికి పెట్టినవి) ఉంది. ఇంకొంచెం ముదురు చేసి 767676కి తెస్తే ఆ గీత దాటుతుంది. ఏసీ గదిలో, నా పెద్ద మానిటర్ మీద ఈ రెండు బూడిదలకీ పెద్ద తేడా కనపడదు. కొత్తపేట ఎండలో ఒకటి కనపడుతుంది, ఇంకొకటి కనపడదు.

సేల్స్ హెడ్ 'డల్' అన్నది దీన్నే. కుర్రాళ్ళు ఆయనతో "సార్, సరిగ్గా కనపడట్లేదు" అని ఉంటారు. ఆయన నోటికి వచ్చేసరికి అది 'డల్' అయింది. నా చెవికి చేరేసరికి 'రంగులు తక్కువయ్యాయి' అయింది. నేను రంగులు పోసుకుంటూ పోయాను. తప్పు ఆయనది కాదు, డిజైన్ భాష ఆయన మాట్లాడాల్సిన అవసరం లేదు. ఆయన మాటని డిజైన్‌లోకి మార్చుకోవడం నా పని. నేను మూడుసార్లు ఆయన మాటని పాటించాను, ఒక్కసారీ అర్థం చేసుకోలేదు.

జాకెట్ కుట్టే ఆవిడని చూడండి. "ఇది బాగాలేదండీ" అనగానే కత్తెర తీసుకోదు. "చెయ్యి పైకెత్తమ్మా" అంటుంది. ఎక్కడ లాగుతోందో చూస్తుంది. మనం మాత్రం "బాగాలేదు" వినగానే ఫిగ్మా (స్క్రీన్లు గీసే సాఫ్ట్‌వేర్) తెరుస్తాం.

అయితే అడిగే తీరులో ఒక చిక్కుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో 'వై' అని ఐదుసార్లు అడగమంటారు. మన ఆఫీసుల్లో పైవాళ్ళని "ఎందుకు సర్?" అని రెండోసారి అడిగితే అది ఎదురు చెప్పడమే. ముఖం మారిపోతుంది. నేను ఆ మాటే వాడను. "ఎక్కడ చూసినప్పుడు అలా అనిపించింది సర్?" అంటాను. లేదా "ఎవరైనా ఏమైనా అన్నారా సర్?" ఈ రెండో ప్రశ్న చాలా పని చేస్తుంది, ఎందుకంటే ఎవరో ఒకరు ఏదో అనే ఉంటారు. లేదంటే, "అది చూస్తాను సర్. ఇదే ఇబ్బంది ఇంకే స్క్రీన్లో కనిపించిందో చెప్తే ఒకేసారి చూసేస్తాను." ఇక్కడ ఒప్పుకున్నదీ లేదు, కాదన్నదీ లేదు. అవతలివాళ్ళు ఆలోచించడం మొదలుపెడతారు. ఒక్కోసారి "ఏం లేదులే, ఊరికే అనిపించింది" అని వాళ్ళే వదిలేస్తారు. అది కూడా జవాబే.

మీ సేల్స్ హెడ్ "పాప్" అన్న మాటకి కూడా వెనక ఒక స్కూలు, ఒక కరస్పాండెంట్ గారు, ఒక డెమో ఉంటాయని నా అనుమానం. బహుశా ప్రొజెక్టర్ మీద చూపించారు, వెలిసిపోయినట్టు కనిపించింది. అదే నిజమైతే యాప్‌ని ముట్టుకోనక్కర్లేదు, డెమో కోసం వేరే స్లైడ్లు చేసిస్తే సరిపోతుంది. అడిగి చూడండి.

ఇప్పుడు బెజవాడ సంగతి. 2007 ప్రాంతంలో, కోరల్ డ్రాలో డిజైన్ చేసి, అను ఫాంట్లతో తెలుగు కొట్టే రోజుల్లో, ఒక యువనాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీకి ఐదుగురు వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు. "ఆ ఫోటో కొంచెం పైకి తమ్ముడూ." "పైకి కాదు, కుడికి." "అన్న ఫోటో కొంచెం పెద్దది చెయ్యి." "మరీ అంత వద్దు." రెండు గంటలు. కుడికి, ఎడమకి, పైకి. నేను లేఅవుట్ బ్యాలెన్స్ గురించి ఏదో చెప్పబోతే ఎవరూ వినలేదు. టీకి వెళ్ళిన ఓనర్ వచ్చి రెండు నిమిషాలు చూశారు. బిల్లు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి వాళ్ళకిచ్చారు. "నాయకుడి పక్కన ఎవరు, ఆయన పక్కన ఎవరు, కింద వరసలో ఎవరు... రాసుకుని తీసుకురండి బాబూ. కుర్రాడు పది నిమిషాల్లో ఇస్తాడు."

వాళ్ళు బయటికెళ్ళారు. టీ బండి దగ్గర కాసేపు గొంతులు లేచాయి. అరగంటకి కాగితం వచ్చింది, రెండు పేర్లు కొట్టేసి, ఒకటి పైకి బాణం గీసి. పని నిజంగానే పది నిమిషాల్లో అయిపోయింది. ఆ రెండు గంటలూ వాళ్ళు మాట్లాడింది డిజైన్ గురించి కానే కాదు, ఎవరి హోదా ఎంత అని. నా మౌస్‌తో తేల్చుకుంటున్నారు, అంతే.

ఆఫీసులో ఇది ఇంకొంచెం ఇస్త్రీ చొక్కా వేసుకుని వస్తుంది. "మా ఫీచర్ బటన్ పైకి రావాలి" అని రెండు టీములు అంటే అది అమరిక గురించిన అభిప్రాయం కాదు, ఈ ఏడాది ఏ టీము పని ముఖ్యం అన్న గొడవ. అది మీరు తేల్చేది కాదు, తేల్చబోయి మధ్యలో నలిగిపోవద్దు. కాగితం ఇచ్చి బయటికి పంపండి. "రెండింటిలో ఏది ముందు ఉండాలో మీరిద్దరూ ఎండీ గారితో అనుకుని చెప్పండి, ఏదైనా నేను బాగా కుదురుస్తాను" అనండి.

అదే షాపులో శుభలేఖలకి ఇంకో పద్ధతి ఉండేది. ప్రూఫ్ తీసి ఇస్తాం, ఇంట్లో అందరూ చూసుకోవచ్చు, పిన్ని గారు, బాబాయి గారు, ఎవరైనా దిద్దొచ్చు. కానీ 'ప్రింట్‌కి ఓకే' అని సంతకం పెట్టేది ఒక్కరే, అది ఎవరో అడ్వాన్స్ తీసుకునేటప్పుడే అడిగేవాళ్ళం. సంతకం లేకపోతే మెషిన్ ఎక్కదు. మీ కంపెనీలో హోమ్ స్క్రీన్‌కి సంతకం ఎవరిది? మీ ప్రశ్న రెండుసార్లు చదివినా నాకు దొరకలేదు. 11 వెర్షన్లకి అసలు కారణం అదేనేమో. చెప్పేవాళ్ళు నలుగురున్నారు, తేల్చేవాళ్ళు లేరు. పని మొదలవకముందే ఎండీ గారిని అడగండి: "అందరి మాటా తీసుకుంటాను సర్, రెండు వైపులా లాగితే ఎవరి మాట చివరిది?" ఆయన "నాదే" అంటే మంచిదే. కనీసం ఆయన రాత్రి పంపే సున్నాలకి ఒక లెక్క ఏర్పడుతుంది.

మీటింగులో మనం చేసే పెద్ద తప్పు ఒకటుంది. స్క్రీన్ చూపించి, "ఎలా ఉంది సర్?" అంటాం. ఇంకేం, ఆయన పెళ్ళిచూపుల్లో పెద్దమనిషిలా వెనక్కి వాలి అభిప్రాయం చెప్తారు. మనమే అడిగాం కదా. చూపించేముందు ఒక కథ పెట్టండి: "సర్, ఒక అమ్మకి ఇద్దరు పిల్లలు, ఒకరు మూడు, ఒకరు ఏడో తరగతి. పెద్దమ్మాయి బస్ ఫీజు కట్టేశారు, చిన్నోడిది బాకీ ఉంది. ఆవిడ ఇక్కడ చూసి ఎవరిది ఎంత కట్టాలో కనుక్కోగలరా?" ఇప్పుడు వచ్చే మాటలు వేరేగా ఉంటాయి. అకౌంట్స్ ఆయన "కన్సెషన్ ఉన్నవాళ్ళకి ఇక్కడ రెండు మొత్తాలు వస్తాయి కదా" అంటారు. అది మీకు ఎప్పటికీ తట్టని విషయం, ఆయనకే తెలుసు. దాని కోసమే ఆ మీటింగు.

నిజం పేర్లతో, నిజం అంకెలతో చూపించండి. 'స్టూడెంట్ నేమ్' అని రాసి చూపిస్తే రంగుల మీదే మాట్లాడతారు. 'వెంకట సాయి లక్ష్మీ నరసింహ' అని రాసి చూపిస్తే పేరు రెండో లైనుకి ఎందుకు పోయిందో అడుగుతారు. మూడు డిజైన్లు పెట్టి "ఏది బాగుంది?" అని మాత్రం అడగకండి. మొదటిదాని తల, మూడోదాని తోక కలిపి ఇమ్మంటారు. ఒకటే చూపించండి. వదిలేసినవి జేబులో ఉంచుకోండి, అడిగితే ఎందుకు వదిలేశారో చెప్పండి.

రంగుల మీద అంతసేపు ఎందుకు మాట్లాడతారంటే, రంగు అందరికీ తెలుసు కాబట్టి. ఇల్లు కట్టేటప్పుడు పిల్లర్లలో ఎంత ఇనుము వేశారో ఏ బంధువూ అడగడు, గేటు రంగు మీద మాత్రం మూడు నెలలు నడుస్తుంది. 1957లోనే బ్రిటన్‌కి చెందిన రచయిత నార్త్‌కోట్ పార్కిన్సన్ దీని గురించి రాశాడు. కమిటీ అణు విద్యుత్ కేంద్రాన్ని నిమిషాల్లో పాస్ చేస్తుంది, సైకిల్ షెడ్డు దగ్గరికొచ్చేసరికి అందరూ గొంతు సవరించుకుంటారు. కాబట్టి హెచ్‌ఆర్ మేడమ్ ఆకుపచ్చ మీద మాట్లాడటం మీ మీద కోపం కాదు. ఆవిడని పిలిచారు, ఏదో ఒకటి చెప్పాలి కదా. తల్లిదండ్రులకి వెళ్ళే మెసేజీల వాక్యాలు ఆవిడకి చూపించి చూడండి. ఉద్యోగులకి నచ్చని విషయాలు నొప్పించకుండా రాయడం ఆవిడ రోజూ చేసే పని, మీకూ నాకూ అంత బాగా రాదు.

తెలుగు వెర్షన్ సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మీ యాప్‌లోనూ ఇది ఉండే ఉంటుంది. అదే మందుల యాప్‌కి తెలుగు పెట్టాక, కస్టమర్ సపోర్ట్‌లో ఉండే మేడమ్ "తెలుగు చీప్‌గా ఉంది సర్, ఇంగ్లీషే నయం" అన్నారు. నాకు చాలా కోపం వచ్చింది. మాతృభాష, చీప్ ఏంటి? గుంటూరు గుర్తొచ్చి నోరు మూసుకుని, ఆవిడ పక్కన ఒక పూట హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. నాలుగో కాల్ అనుకుంటా, ఒక షాపాయన: "ఆర్డర్ రదు అని ఉందమ్మా, రదు అంటే ఏంటి?" బటన్ ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకి కొలిచి పెట్టింది, లైన్ హైట్ (ఒక వరసకి వదిలే ఎత్తు) అక్షరం సైజుకి 1.2 రెట్లు. 'రద్దు'లో ద వత్తు కింద తెగిపోయింది. నా ఫోన్లో తెగలేదు, నా ఫోన్లో ఫాంటు వేరు. ఆయన ఫోన్లో అక్షరాల సైజు పెద్దది చేసుకున్నారు, వత్తు మొత్తం పోయింది. 'చెల్లింపు'లో ల వత్తు కూడా సగమే ఉంది. తెలుగుకి పైన గుడులు, కింద వత్తులు, వత్తుల కింద ఇంకో వత్తు. 'రాష్ట్రం' రాసి చూడండి, ఎంత లోతుకి దిగుతుందో. లైన్ హైట్ 1.5కి తగ్గకుండా, బటన్ ఎత్తు బిగించకుండా వదిలితే కుదిరింది.

ఇంకోటి, ఫారం కింద 'సమర్పించు' అని ఉండేది. మేడమ్ దాన్ని చూపించి "గుళ్ళో హుండీ దగ్గర ఉన్నట్టుంది సర్" అన్నారు. 'పంపండి' అని మార్చాం. 'చీప్' అన్న ఒక్క మాటలో ఇవన్నీ ఉన్నాయి. ఆవిడకి తెలిసిందల్లా ఏదో తేడాగా ఉందని.

ఇంతా అడిగాక కూడా కొన్నిసార్లు వెనక ఏమీ ఉండదు, రెండు అభిప్రాయాలే మిగులుతాయి, మీదీ వాళ్ళదీ. మీది కూడా అభిప్రాయమే అని ఒప్పుకోవడం కష్టం కానీ ఒప్పుకోండి. అప్పుడు బయటికి తీసుకెళ్ళండి. సైట్లు, యాప్‌లు వాడటం ఎంత తేలికో పరిశోధించే జేకబ్ నీల్సన్ 2000లో రాసిన లెక్క ప్రకారం, ఐదుగురితో పరీక్షిస్తే సుమారు 85 శాతం ఇబ్బందులు బయటపడతాయి. ఆ అంకె మీద తర్వాత చాలా వాదాలు నడిచాయి, కానీ సున్నా మంది కంటే ఐదుగురు చాలా నయం. స్కూలు వదిలే వేళకి గేటు దగ్గర ఐదుగురు తల్లులు దొరకరా? ఒక్క జాగ్రత్త: "నచ్చిందా అండీ?" అని అడగొద్దు. మనవాళ్ళు "బాగుంది బాబూ" అంటారు, మర్యాద. పని ఇచ్చి చూడండి: "ఈ నెల ఫీజు కట్టండి." వేలు ఎక్కడ ఆగిందో చూసి రాసుకోండి. అకౌంట్స్ ఆయనని కూడా వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది. ఒక తల్లి తడబడటం ఆయన కళ్ళారా చూస్తే మీరు పది మీటింగుల్లో చెప్పక్కర్లేదు.

అలాగని ప్రతిదీ కొలవాల్సిన పని లేదు. గూగుల్‌లో పని చేసిన డగ్లస్ బోమన్ అనే డిజైనర్ 2009లో ఉద్యోగం మానేస్తూ రాసింది చాలామందికి గుర్తే. రెండు నీలాల్లో ఏది వాడాలో తేలక, మధ్యలో ఉన్న 41 నీలాలు పరీక్షించారట. గీత మందం 3 పిక్సెళ్ళా, 4 పిక్సెళ్ళా, 5 పిక్సెళ్ళా అన్నది నిరూపించమని అడిగారట. అంత మంది యూజర్లున్న చోట దానికి లెక్కలో అర్థం ఉండొచ్చు. మీ యాప్‌కి ఆ చాదస్తం అక్కర్లేదు. రెండు ఆకుపచ్చల మధ్య అయితే మేడమ్ చెప్పింది పెట్టేసి టీ తాగండి.

నేను ఎక్కడ వదిలేస్తాను, ఎక్కడ వదలను అంటే: రేపు మళ్ళీ మార్చుకోగలిగిందీ, చదవడానికి అడ్డురానిదీ అయితే వదిలేస్తాను. మా పాత ఎండీ ఒకాయన స్క్రీన్ పైన నల్లటి పట్టీ (హెడర్) చూసి "పండగ పూట షాపు వాళ్ళకి నలుపేంటయ్యా" అన్నారు. మొదట నవ్వుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, ఆ యాప్ దసరాకి వస్తోంది, వాడేవాళ్ళందరూ పూజ చేసి కొత్త ఖాతా పుస్తకం తెరిచేవాళ్ళే. ఆయన వాళ్ళలో ఒకరు, నేను కాదు. ముదురు నీలం పెట్టాం, ఎవరికీ ఏ నష్టమూ లేదు.

వదలనివి మాత్రం ఉన్నాయి. కాంట్రాస్ట్ ఒకటి, తెగిన వత్తులు ఒకటి. ఇంకోటి మీకు త్వరలోనే ఎదురవుతుంది. ఎవరో ఒకరు "యాక్సిడెంట్ ఇన్సూరెన్స్ టిక్ ముందే పెట్టేద్దాం", "కన్వీనియన్స్ ఫీజు చివరి పేజీలో చూపిద్దాం" అంటారు. ఇది అభిరుచి సంగతి కాదు. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ డార్క్ ప్యాటర్న్స్ (వాడేవాళ్ళని మభ్యపెట్టే డిజైన్లు) మీద మార్గదర్శకాలు ఇచ్చింది, 13 రకాలు పేర్లతో సహా ఉన్నాయి. అడగకుండా బిల్లులో ఇంకోటి కలపడం అందులో ఉంది, ధరని చివర్లో బయటపెట్టడమూ ఉంది. ఇలాంటప్పుడు "నాకు బాగా అనిపించట్లేదు" అనకండి, అంటే అది మీ అభిప్రాయం అయిపోతుంది. ఆ కాగితం ప్రింటు తీసి లీగల్ చూసేవాళ్ళకి ఇవ్వండి.

వాదించి ఓడిపోతే రెండు లైన్ల మెయిల్ పెట్టండి: ఏం అనుకున్నాం, ఎవరు తేల్చారు, ఎప్పుడు మళ్ళీ చూద్దాం. అంతే, అందులో ఎత్తిపొడుపు ఉండకూడదు. నేను ఒకసారి హోమ్ స్క్రీన్ మీద స్కీముల బ్యానర్ వద్దని గట్టిగా పట్టుబట్టాను, చెత్తగా ఉంటుందని. సేల్స్ వాళ్ళు గెలిచారు. నెల తర్వాత మళ్ళీ చూద్దామని మెయిల్లో నేనే రాశాను. నెల తర్వాత చూస్తే షాపు వాళ్ళు యాప్ తెరుస్తున్నదే ఆ బ్యానర్ కోసం, '10 కొంటే 1 ఫ్రీ' ఏ మందు మీద ఉందో చూడటానికి. అది ఇప్పటికీ చెత్తగానే ఉంది. ఉంది, అంతే.

వాట్సాప్ సంగతికి వస్తే, రాత్రి వచ్చిన సున్నాకి రాత్రే మార్చి పంపకండి. మీరే అలవాటు చేస్తున్నారు. "చూశాను సర్, పొద్దున లిస్టులో పెడతాను" చాలు. ఒక షీట్ పెట్టండి: ఎవరన్నారు, ఏ మాటల్లో అన్నారు, వెనక ఏం జరిగింది, ఏం చేశాం. మూడో గడి ఖాళీగా ఉంటే మార్పు మొదలుపెట్టకండి. వారానికోసారి అందరి ముందూ తెరవండి. తన పేరు పక్కన మూడో గడి ఖాళీగా కనపడితే జనం వాళ్ళంతట వాళ్ళే నింపుతారు, లేదా కొట్టేయమంటారు.

చివరగా అకౌంట్స్ ఆయన ఎరుపు. మీ నాలుగింటిలో నాకు ఆసక్తిగా అనిపించింది ఇదే. ఆయనకి వసూళ్ళు రావాలి, ఆ టెన్షన్ నిజం. కానీ చాలా ఇళ్ళల్లో ఆ యాప్ ఉన్న ఫోన్ సాయంత్రం పిల్లల చేతిలో ఉంటుంది, హోంవర్క్ చూసుకోవడానికి. తెరవగానే ఎర్రగా, పెద్దగా 'బాకీ 18,500' అని కనపడేది ముందు ఆ పిల్లాడికి. పక్కన స్నేహితుడుంటే వాడికి కూడా. ప్రిన్సిపాల్ గారికి ఇది తెలిస్తే సేల్స్ హెడ్‌కి ఫోన్ వస్తుంది. అంటే ఇక్కడ ఎరుపా ఆకుపచ్చా అన్నది కాదు తేలాల్సింది. వసూలుకీ, స్కూలు మర్యాదకీ మధ్య కంపెనీ ఎటు నిలబడుతుందో తేలాలి. ఆయన దగ్గరికి వెళ్ళి, "గడువు దాటినవాళ్ళు ఎంతమంది సర్, వాళ్ళకి ఇప్పుడు ఎలా గుర్తు చేస్తున్నారు?" అని అడగండి. హోమ్ స్క్రీన్ మీద మొత్తం కనపడకుండా, గడువుకి మూడు రోజుల ముందు తల్లిదండ్రుల నంబరుకే మెసేజ్ వెళ్ళేలా చేస్తే ఆయనకి సరిపోతుందేమో. సరిపోకపోతే ఎందుకు సరిపోదో ఆయన చెప్పిన మాటలు యథాతథంగా ఇక్కడ రాయండి, దాని మీద మాట్లాడుకుందాం.